కోత పండుగ వేలంలో నీ మొదటి పేజీ

కారేపల్లి, నవంబరు 2004

బిడ్డ సంపూర్ణకు నాయిన దీవెనలు, మేం బాగున్నం.

పట్నంల నెట్ సెంటర్ల కూసొని, నీ అంతట నువ్వే నేర్చుకుని, కంప్యూటర్ల మన మిరపచేను బొమ్మతోటి చేసిన మొదటి నెట్ పేజీ అచ్చు కాయితం అందింది. ఎంత సక్కగున్నదే తల్లీ! నీ తొలి పంట గదా అని కోత పండుగనాడు చర్చిల మక్కకంకుల పక్కన కానుక పెట్టిన. కానుకలన్నీ వేలం పాడుతరని సంబరంల మరిచిపోయిన! చాయ్ హోటల్ ఆంథోని పాడుకుని తన హోటల్ గోడకు అంటించిండు. ఇయ్యమని అడిగితే "దేవుని కానుక వాపసు అడుగుతవేంది మామా?" అని నవ్విండు. రోజూ చాయ్ పేరుతోటి పోయి, పేజీ కింద నీ పేరు తడిమి వస్తున్న.

"ఇగ నాతోని కాదు, కంప్యూటర్ నేర్చుడు మానేస్త" అని రాసినవు. మానకు బిడ్డా. కళ్ల మంట తగ్గిందా అని అమ్మ అడుగుతంది. ఇంకో పేజీ చెయ్యి. పోస్టుల పంపకు, నువ్వే తీసుకొని రా. ప్రభువు నీకు తోడుండాలె.

నాయిన