ఒకే కాయలోని రెండు గింజలు

పెద్దవానల మూడో వారం, మంగళవారం.

ఈ రోజు పొద్దున లేస్తూనే ఒక వింత చూశాను. మా గురువు నలుంగా అవ్వ అరటితోటలో మనిషి పట్టేంత గొయ్యి తవ్వుతోంది. ఈ దీవిలో ఎవరికీ చావు లేదు. గొయ్యితో వీళ్ళకేం పని?

అమ్మకు మోకాళ్ళూని దండాలు. నేనిక్కడ ఒంట్లో బాగానే ఉన్నాను. నువ్వూ, తమ్ముడు కిగ్గుండూ అలాగే ఉన్నారని తలుస్తాను.

నువ్వడిగినట్టే రెండు పూటలా అరటికాయ ముద్ద తింటున్నాను. వీళ్ళ మాటలు రోజుకు పదేసి నేర్చుకుంటున్నాను. 'ఆఖరి' అన్న మాటే వీళ్ళకు లేదమ్మా. వీళ్ళు ఏడుస్తారా అని కదా అడిగావు? నేను చూడలేదు. అవ్వ తల్లి పక్క గుడిసెలోనే ఉంటుంది. ఏదో కుండ పగిలిందని రెండు వందల ఏళ్ళుగా ఇద్దరికీ మాటల్లేవు. పలకరించవచ్చు కదా అంటే, "తొందరేముందే పిల్లా?" అంటుంది. నువ్వు నాన్న సమాధి ఊడ్చి, ఆయనకు ఇంటి సంగతులు చెప్పి వస్తావని నేనంటే మాత్రం పని ఆపి వింటుంది.

ఇన్నాళ్ళూ దాచిన మాట ఒకటుంది, తిట్టకు. వచ్చిన నెలలోనే, ఏ మాటా దాచకుండా నేర్పుతుందన్న ఆశతో, నిన్నడగకుండా అవ్వతో రక్తబంధం కలుపుకున్నాను. ఒకే కాఫీ కాయలోని రెండు గింజలకు చెరో నెత్తుటి చుక్క అద్ది, ఒకరి చేతిలోది ఒకరం తిన్నాం. ఇక ఒకరు అడిగింది ఇంకొకరు కాదనకూడదు. కాదంటే ఆ గింజ కడుపులో ఉబ్బి చంపుతుందని నాకు చెప్పింది నువ్వే.

గొయ్యి దగ్గర అవ్వ అడిగింది.

"నీ చావు నాకివ్వవే. రేపిస్తే ఇందులో పడుకుంటాను."

"మరి నేను?"

"నువ్వుంటావు. ఎన్ని మాటలు కావాలంటే అన్ని నేర్చుకో. నీకేం లోటు?"

ఆశపడలేదని అబద్ధం చెప్పను. కానీ నువ్వు పోతావు, తమ్ముడు పోతాడు, వాడి మనవలూ పోతారు. నేను మాత్రం ఇంకో మాట నేర్చుకుంటూ, మీ గురించి తరవాత ఏడవచ్చులే అనుకుంటానేమో. అది తలచుకుంటేనే భయం. ఒప్పుకుంటే ఎప్పటికీ చావను, కాదంటే రేపే చావొచ్చు. రెండో భయం కాస్త తెలిసినదమ్మా. నాన్న పోయినప్పుడు పక్కనే ఉన్నాను.

ఈ ఉత్తరం ఇప్పుడే పడవవాడికి ఇస్తున్నాను. రేపు పొద్దున అవ్వ లేచాక, ఎదురుగా నిలబడి ఇవ్వనని చెబుతాను. చెప్పకుండా పారిపోవడం నా వల్ల కాదు. చెప్పి మొదటి పడవ ఎక్కుతాను. రేవుకు రా. నేను నడవలేకపోవచ్చు, తమ్ముణ్ణి కూడా వెంటబెట్టుకు రా.

ఇట్లు,
నీ కూతురు
నబుకేరా