గీతకు అవతల కోత

రేణిగుంట,
12 ఆగస్టు 2024.

జయరావు మామకు,

నీ మేనకోడలు నిస్సీ ప్రభువు పేరిట చేసే వందనాలు. ఇక్కడ అందరం క్షేమం. నీ మోకాళ్ళ నొప్పి తగ్గిందని తలుస్తాను. ఫోనులో నీకు వినపడదు, నేనేమో అరిచి అరిచి గొంతు పోగొట్టుకుంటాను. అందుకే మళ్ళీ ఉత్తరం. నా రాతను కోడి గీతలని వెక్కిరిస్తావు గానీ, నా గ్రేసీని ఒళ్ళో వేసుకుని, ఒక చేత్తో దాన్ని పట్టుకుని, ఇంకో చేత్తో రాసి చూడు, తెలుస్తుంది!

మామా, గ్రేసీ కుర్చీ పూర్తయింది. ఐదేళ్ళు వచ్చినా పిల్లకు నడుము నిలవదు కదా, బజారు కుర్చీల్లో పక్కకు ఒరిగిపోతుంది. దాని కొలతకు నేనే చేస్తానంటే ఇంటిల్లిపాదీ నవ్వారు. నువ్వొక్కడివే నవ్వలేదు. పద మే, ముందు రంపం కొందాం అని కార్వేటినగరం నుంచి బస్సెక్కి వచ్చేశావు.

తిరుపతి అంగడిలో నువ్వు చేసిన గొడవ ఇంకా మరిచిపోలేదు. ఒక్కో రంపాన్నీ కంటికి ఎదురుగా పెట్టి వంకర చూశావు. కొస వంచి వదిలి, తిన్నగా రానిదాన్ని పక్కన పడేశావు. పిడి నా గుప్పిట్లో ఇమిడిందో లేదో చూశావు. రంగు పిడిది ముద్దుగా ఉందని నేను పట్టుకుంటే, దాని పళ్ళకు ఆకురాయి పట్టదు, మొద్దుబారితే పారేసేదే, బొమ్మ కొనేదానికి వచ్చినావా మే అని అంగడాయన ముందే పరువు తీశావు. అబ్బ, ఎంత కోపమొచ్చిందో!

తీరా ఇంటికొచ్చి, గీతకు అవతల కొయ్యమన్న నీ మాట వినకుండా సరిగ్గా గీత మీదే కోశాను. రంపం మందమంత చెక్క పొట్టుగా పోయి, వీపు పలక వదులైంది. ఏడుపొచ్చింది. మళ్ళీ వేప పలక తెచ్చి, గీతకు అవతల బొటనవేలు ఆనించి, మెల్లగా వెనక్కి లాగి గాడి పడ్డాక కోశాను. ఒత్తద్దు మే, రంపం బరువుకే తెగతాది అన్నావు. నిజంగానే తెగింది మామా.

అందరూ నా వల్ల కాదన్న పనిని నా చేతికి నేర్పావు. ఈ మేలు బతికున్నన్నాళ్ళూ మరవను. పిల్ల అందులో కూర్చుంటుందా అని మాత్రం తొందరపడి అడగొద్దు. అత్తకు నా వందనాలు.

ఇట్లు,
నీ మొండి మేనకోడలు
నిస్సీ

తా.క.: అక్షరాలు ఈసారి ఇంత కుదురుగా ఎట్లా వచ్చాయా అని చూస్తున్నావా? నా ఒళ్ళో పిల్ల లేదు మామా. ఎదురుగా కుర్చీలో కూర్చుని, నేను రాస్తుంటే చూస్తోంది.