ఏడో నెల, స్టీరింగ్ పైపు

నవంబర్ 14, గురువారం

పొద్దున్నే స్వరూప ఫోన్. సూర్యాపేట నుంచి. నా బిడ్డ తనంతట తానే చేసింది — వాళ్లమ్మకు కాదు, నాకు.

"నాయినా, నువ్వే వచ్చి తోల్కపో. మన కారులనే వస్త."

అంతే. నేనేం బదులిచ్చానో గుర్తు లేదు. మా ఆమె సత్తెమ్మ వంటింట్లోంచి వచ్చి, "ఏమైందయ్యా, ఎందుకు ఏడుస్తున్నవ్" అంది. నేను నవ్వుతున్నాననే అనుకున్నాను.

పెళ్లయిన పదేళ్లకు కడుపు పండింది నా తల్లికి. ఈ ఇంటికి రావడం ఎప్పుడో మానేసింది. వస్తే చాలు, "ఏమన్న విశేషమా" అని అడిగేవాళ్లు ఆడవాళ్లు. ముందు పండుగలకు మానింది, తర్వాత పెళ్లిళ్లకు, తర్వాత ఊరికే కూడా. మేమే పోయి చూసి వచ్చేవాళ్లం. ఇప్పుడు తానే వస్తానంటోంది, కాన్పుకు, తల్లిగారింటికి... దిల్‌సుఖ్‌నగర్ అంతా తిరిగి చెప్పాలనిపిస్తోంది.

ఏడో నెలలోనే తేవాలి. వచ్చే శుక్రవారానికి ఎనిమిదో నెల పడుతుంది. సరి నెలలో గడప దాటించరు. తొమ్మిదో నెలలో డాక్టరమ్మ దూరప్రయాణం వద్దంటుంది. పంతులు బుధవారం మంచిదన్నాడు. అయితే బుధవారం.

కారు తీసి చూద్దామని కిందికి దిగాను. స్టీరింగ్ రాయిలా ఉంది. కారు కింద నేల మీద ఎర్రటి నూనె.

నవంబర్ 15, శుక్రవారం

బానెట్ ఎత్తి చూశాను. పంపు నుంచి స్టీరింగ్‌కు నూనె తీసుకుపోయే పైపు — రబ్బరు ఉబ్బి పగిలింది. ఆ నూనె తోస్తేనే స్టీరింగ్ మెత్తగా తిరిగేది. అది లేకుండా తిప్పే బలం ట్యాక్సీ తోలిన రోజుల్లో ఈ చేతులకు ఉండేది. ఇప్పుడు కుడి భుజం చొక్కా వేసుకోవడానికే లేవదు.

పై పోర్షన్ సుబ్బారావు గారు మెట్ల మీద నుంచి, "క్యాబ్ పిలిస్తే గుమ్మంలోకొస్తుంది కదండీ. ఈ వయసులో కారు కిందకి దూరడం దేనికి?"

"మన కారుల వస్త అన్నది సార్, బిడ్డ."

ఆయన లుంగీ ఎగ్గట్టి దిగి వచ్చి టార్చి పట్టుకున్నారు. మంచివాడు. ఇవాళ నాకు అందరూ మంచివాళ్లలాగే కనిపిస్తున్నారు.

పున్నమి. తులసి దగ్గర సత్తెమ్మ దీపాలు. నేనూ ఒకటి వెలిగించాను, అడక్కుండానే.

నవంబర్ 16, శనివారం

పాత పైపు విప్పి, కాగితంలో చుట్టుకుని, ఆటోలో ఎల్బీనగర్ అవతల జేసీబీ పైపులు చేసే దుకాణానికి. ఈ కారుకు కొత్త పైపు దొరకదు, మోడలే ఆగిపోయింది. దుకాణం మోయిన్ భాయ్ పాత పైపు ఇనుప కొసలు కోసి తీసి, వాటికి జేసీబీ రబ్బరు తొడిగి, మిషన్‌లో పెట్టి నొక్కాడు.

"చాచా, కారు తుక్కుల పోతది గని గీ పైపు పోదు."

"కారు గూడ ఉండాలె భాయ్. మనవడో మనవరాలో వస్తున్నరు."

చాయ్ తెప్పించాడు. చెప్పిందే మళ్లీ చెప్పాను. మళ్లీ విన్నాడు.

స్టీరింగ్ ఆయిల్ కూడా తీసుకుందామని పక్క దుకాణం మెట్టు ఎక్కానో లేదో సత్తెమ్మ ఫోన్. నూనె కొంటున్నానని చెప్పాను.

"శనారం నూనె తెస్తవా ఇంటికి?"

"గది బండి నూనె."

"నూనె నూనెనే. ఇన్నేండ్లకు బిడ్డ ఒస్తుంటే ఇంటికి శని పట్టిస్తవా?"

మెట్టు దిగాను. రేపు ఆదివారం, దుకాణాలు బంద్. ఇక సోమవారమే. పోనీ... వేరే రోజులైతే వాదించేవాణ్ణి. ఈసారి దేన్నీ కాదనే ధైర్యం నాకూ లేదు.

నవంబర్ 17, ఆదివారం

పని లేదు. స్వరూప గది కడిగాం. మంచం కిటికీ దగ్గరికి జరిపాను, మళ్లీ గోడ దగ్గరికి జరిపాను.

సాయంత్రం ఊరికే చైతన్యపురి దాకా నడక. హాస్టల్ ఆడపిల్లలు సూట్‌కేసులు లాక్కుంటూ మెట్రో మెట్లెక్కుతున్నారు. ఎవరి బిడ్డలో. అందరినీ వాళ్లవాళ్ల ఇళ్ల ముందు దింపి రావాలనిపించింది.

నవంబర్ 18, సోమవారం

ఆయిల్ వచ్చింది. పైపు ఎక్కించాను. జాయింట్‌కు వేసే రాగి వాషర్లు కొత్తవి తేవడం మరిచాను. పాతవే వేశాను. గట్టిగా ఉండాలని చుట్టూ నూలు చుట్టాను, నల్లాకు చుట్టినట్టు. మగ్గం విడిచి బండి పట్టినా నూలు ఉండలు ఇంట్లో ఎప్పుడూ ఉంటాయి. బలంగా, వరస తప్పకుండా చుట్టాను. చూసి మురిసిపోయాను.

ముందు చక్రాలు జాకీతో లేపి కింద దిమ్మెలు పెట్టాను. పైపులో గాలి పోవాలంటే ఒకరు స్టీరింగ్‌ను ఆ కొస నుంచి ఈ కొసకు తిప్పుతూ ఉండాలి, ఒకరు ఆయిల్ డబ్బా చూస్తూ పోస్తూ ఉండాలి. సుబ్బారావు గారు ఇంట్లో లేరు. సత్తెమ్మనే ఎక్కించాను. కార్తీక సోమవారం, ఒక్కపొద్దు మనిషి.

"ఇన్నేండ్లు బండి తోలినవ్. ఒక్కనాడన్న గీ సీట్ల కూసోబెట్టినవా?"

"ఇప్పుడు కూసున్నవ్ గదా. తిప్పు."

"ఎంతసేపు?"

"బుడగలు ఆగేదాంక."

"గింత తిప్పినా ఏడికీ పోతలేదేంది బండి."

"సూర్యాపేటకే పోతున్నం, తిప్పు."

నవ్వింది. తిప్పింది. రాట్నం తిప్పిన చేతులు, తడబాటు లేదు.

ఇంజన్ వేశాను. కాసేపటికి నూలు ఎర్రబడింది. ఒక చుక్క. ఆగి ఇంకో చుక్క.

సత్తెమ్మ దిగి వంగి చూసింది. కొంగు నోటికి అడ్డం.

"నూలు చుట్టినవా? తేలియా రుమాళ్లు నేసే ఇంట్ల పుట్టి?"

నిజమే. మా ఇంట్లో నూలును నూనెలో రోజుల తరబడి నానబెట్టి నేసేవాళ్లు. నా చిన్నతనమంతా ఆ వాసనే. నూలు నూనెను ఎట్లా తాగుతుందో ఈ వీధిలో నాకు తెలిసినంత ఇంకెవరికి తెలుసు. నీళ్ల పైపు లెక్కే అనుకుని ఆ నేనే చుట్టాను.

"ఆగు, బిడ్డకు చెప్త" అంటూ అక్కడికక్కడే ఫోన్ చేసింది. స్పీకర్‌లో స్వరూప నవ్వు. ఆగి ఆగి, ఊపిరి అందక, "నూలా నాయినా? నూలు చుట్టినవా?" అంటూ... ఆ నవ్వు విని ఎన్నేళ్లయిందో. ఇంకో పైపు పగిలినా బాగుండుననిపించింది, ఒక్క క్షణం.

నవంబర్ 19, మంగళవారం

కొత్త రాగి వాషర్లు తెచ్చాను. నూలు కోసి పారేసి, తుడిచి, పానాతో బిగించాను. భుజం మంట. సత్తెమ్మ ఈసారి చెప్పకుండానే ఎక్కి కూర్చుని స్టీరింగ్ పట్టుకుంది.

బుడగలు పోయాయి. కింద అట్టముక్క వేసి చూశాను. పొడి. ఎల్బీనగర్ చౌరస్తా దాకా పోయి వచ్చాను. గడ్డిఅన్నారం మలుపు ఒక్క చేత్తో తిప్పాను. పండ్ల మార్కెట్ ఎప్పుడో పోయింది, అయినా అక్కడ స్వరూపకు ఏవైనా కొనాలని కాలు బ్రేకు మీదికి పోయింది.

సాయంత్రం అల్లుడు శేఖర్ ఫోన్. గొంతు తగ్గించి,

"మామా, అమ్మ జర పరేషాన్ అవుతున్నది. పాత కారు, గంత దూరం... కాన్పు ఈడనే చేద్దాం అంటున్నది."

వియ్యపురాలిని ఏమనగలను. ఆమె కూడా ఇన్నేళ్లు మొక్కుకుంది.

"స్వరూప ఏమంటది?"

ఫోన్ చేయి మారిన చప్పుడు. స్వరూప.

"నువ్వైతే రా, నాయినా."

వచ్చి చూసి పొమ్మందా... తీసుకుపొమ్మందా. సత్తెమ్మను అడిగాను. "రా అన్నది గదా, పోదాం" అని ఒడి నింపడానికి బియ్యం, కుడుకలు, చీర మూట కడుతోంది. నా వైపు చూడకుండా కడుతోంది.

నవంబర్ 20, బుధవారం

సూర్యాపేట. వాళ్ల ఇంటి ముందు, కారులో కూర్చుని రాస్తున్నాను.

పెద్ద అంబర్‌పేట్ దాటేసరికి తెల్లారింది. చౌటుప్పల్‌లో ఆగి బానెట్ ఎత్తాను. సత్తెమ్మ వేలు పెట్టి చూసి, వేలు నాకు చూపించింది. పొడి.

నా బిడ్డను చూశాను. గుమ్మంలో నడుము మీద చేయి పెట్టుకుని నిలబడింది. పాదాలు వాచాయి. మొహం నిండుగా, పసిపిల్లలా... ఎంతసేపు చూసినా తనివి తీరదు. తను ముందు కారును చూసింది, తర్వాత నన్ను.

"బాగైందా నాయినా?"

"బాగైంది బిడ్డా. దూదిలెక్క తిరుగుతున్నది."

ఒడి నింపడం అయింది. వియ్యపురాలు, "కూసో అన్నా, అన్నం తిని మాట్లాడుదాం" అంది. కోపం లేదు ఆ గొంతులో. భయం. స్వరూప చేయి ఆమె పట్టుకునే ఉంది, వదలడం లేదు. నేను లేచి బయటికి వచ్చేశాను. అక్కడుంటే నా మొహం చూసి నా బిడ్డ సరే అంటుంది. అట్లా కాదు. తనకే రావాలనిపించాలి.

వెనక సీట్లో దిండు సర్దాను. తీశాను, మళ్లీ సర్దాను. సందు ఇరుకు, కారు లోపలి వైపు ముఖం పెట్టి ఉంది. ముందుకు కొంచెం, వెనక్కి కొంచెం పోతూ, గోడకు తగలకుండా హైదరాబాద్ వైపు తిప్పి పెట్టాను. భుజానికి తెలియనే లేదు.

లోపల స్వరూప గొంతు. మాటలు తెలియడం లేదు. శేఖర్ ఏదో అంటున్నాడు. మళ్లీ వియ్యపురాలు, చాలాసేపు.

దిగి వెనక తలుపు తీసి పెట్టాను.