ఇంటికొచ్చిన రెండో భాస్కర్

కంచరపాలెం, ఆదివారం రాత్రి

ఈ రోజు బాబుకి బారసాల అయింది. అత్తయ్య పట్టుబట్టి భాస్కర్ అని పెట్టించింది. మొన్న వేసవిలో పోర్టుకి డ్యూటీకెళ్ళి, అక్కడే గుండె ఆగిపోయిన అత్తయ్య పెద్దకొడుకు, మా బావగారి పేరు అది. "ఆడే మళ్ళీ ఒచ్చీసినాడు," అని బాబును గుండెకి హత్తుకుని ఏడ్చింది. ఆ పేరు వద్దందామని వెళ్ళినదాన్ని, బాబు పొత్తిగుడ్డ సర్ది వచ్చేశాను.

భోజనాల దగ్గర నా మొహం చూసి మా తమ్ముడు పక్కన కూర్చున్నాడు. వాడు లెక్కల మాస్టారు. "బయం ఏటక్కా? పాతకాలంలో లెక్కలు సేసినోళ్ళలో ఇద్దరు భాస్కరులున్నారు. మొదటోడి బతుకు రెండోడు బతికినాడేటి?"

బాగానే చెప్పాడు. కానీ ఆ ఇద్దరికీ మధ్య కొన్ని వందల ఏళ్ళున్నాయట. మా ఇంట్లో సంవత్సరీకం కూడా కాలేదు. బావగారి చెప్పులు ఇంకా గుమ్మం పక్కనే ఉన్నాయి. అత్తయ్య తియ్యనివ్వదు. అసలు ఆయన పేరు నేనెప్పుడూ నోటితో అనలేదు. రేపు నా కొడుకుని ఏమని పిలవాలి?

సాయంత్రం బాబు గుక్కపట్టి ఏడుస్తుంటే, అత్తయ్య వంటింట్లోంచి "వత్తన్నాను భాస్కరా!" అని కేకేసింది. హాల్లో ఉన్న మేమంతా ఒక్కసారి తలెత్తాం. ఒక్కరు కూడా ఉయ్యాల వైపు చూడలేదు. అందరం వీధి గుమ్మం వైపే చూశాం.

నేను కూడా.