వాపు అని రాసిన కాగితం

చిరంజీవి చిన్నతల్లికి అమ్మ దీవెనలు.

ఇక్కడ మేమంతా క్షేమం అని మొదలుపెట్టాలి. మీ అక్క పోయి నలభై రోజులైంది, ఆ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు. తింటున్నాను, పనికి పోతున్నాను. క్షేమమంటే అంతే అనుకో. నా రాత సంగతి నీకు తెలుసు, తప్పులుంటే సర్దుకుని చదువు.

నీ ఉత్తరంలో మూడు అడిగావు. మోకాలు తగ్గింది. బావ మీద స్టేషన్లో కాగితం రాయించిన మాట నిజమే, సంతకం మాత్రం పెట్టలేదు. బావ నీ ఫోన్ ఎందుకు ఎత్తడం లేదన్నావే, దానికి జవాబు చివర్న చెబుతాను.

అనుమానం పెనుభూతం అని నాకే బుద్ధి చెప్పావు. సరే, నా చోట నువ్వుండి చూడు. ఆసుపత్రిలో మీ బావ కంట చుక్క నీరు లేదు. ఇంటికి రాగానే దాని దుప్పట్లు ఉతికి ఆరేశాడు. అంత తొందరేమిటి? దాని మణికట్టు మీద నీలం మచ్చ. అడిగితే "సూది గుచ్చిన చోటు అత్తయ్యా" అన్నాడు. చెప్పేవాడు అలాగే చెబుతాడు కదా! రెండు నెలల ముందేగా గుండె ఫొటో తీసి, రక్తనాళాలు అద్దంలా ఉన్నాయి, నొప్పి గ్యాసుదే అని పంపించారు? అద్దంలాంటి గుండె ఉన్నట్టుండి ఎలా ఆగుతుంది?

ఆ తర్వాత పోస్టుమార్టం కాగితం వచ్చింది. పక్కింటి టీచరమ్మ చదివిపెట్టింది. గుండె సన్న రక్తనాళాల్లో వాపు అని ఉందట. దెబ్బ తగలకుండా వాపెక్కడిది? గుండెల మీద గుద్ది ఉంటాడు అనుకున్నాను. ఆ రోజే స్టేషన్‌కి పోయాను.

సంతకం పెట్టేముందు ఆ కాగితం పట్టుకుని ఆసుపత్రిలో పెద్ద డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. దెబ్బ వాపు కాదంది. నాకు ఒళ్ళు మండింది.

"మా అల్లుడు మీకేమన్నా చుట్టమా?" అన్నాను.

"ఉన్న చుట్టాలతోనే వేగలేకపోతున్నానమ్మా, కూర్చోండి. మీ అమ్మాయికి కీళ్ళవాతం ఉందా?"

"ఉంది. కీళ్ళకీ గుండెకీ ఏం పొత్తు?"

"మీరేం పని చేస్తారు?"

"కోట్లకి అస్తరు కుడతాను."

"అయితే మీకు తొందరగా తెలుస్తుంది. రక్తనాళాలకీ లోపల అస్తరు ఉంటుంది. కీళ్ళని వాచేలా చేసే మంట రక్తంతో ఒళ్ళంతా తిరిగి ఆ అస్తరుని పాడుచేస్తుంది. గుండెలో వెంట్రుక కంటే సన్నవి ఉంటాయి. మనం మెట్లెక్కితే అవి విచ్చుకోవాలి. అస్తరు చెడితే విచ్చుకోవు, గుండెకి రక్తం చాలదు. మీరు తీయించిన ఫొటోలో పెద్దవే కనిపిస్తాయి, ఇవి కనిపించవు. ఆడవాళ్ళని చాలామందిని గ్యాసని పంపేస్తుంటారు."

పై గుడ్డ కొత్తగా ఉండి చంకల దగ్గర అస్తరు పిగిలిపోయిన కోట్లు ఎన్ని చూడలేదు నేను!

"కీళ్ళ మాత్రలు సరిగ్గా వాడేదా?" అంది. వాడేది అన్నాను. అబద్ధం చెప్పానమ్మా.

ఎనిమిది నెలల కిందట నేనే మాన్పించాను. ఆ మాత్రలకి కడుపు పాడవుతుందని కుట్టు మిషన్ల దగ్గర ఎవరో అంటే విన్నాను. "నూనె రాసుకో, పని చేస్తుంటే అవే సర్దుకుంటాయి" అన్నాను. వేళ్ళు ఉబ్బితే ఒళ్ళు చేస్తున్నావే అని నవ్వాను. వాపు చూసి బలుపనుకున్న మొహం నాది. "గుండె పట్టేసినట్టుందమ్మా" అంటే "మెట్లెక్కితే అందరికీ అంతే" అన్నాను. మాత్రలు మానిన సంగతి మొగుడికి చెప్పొద్దని కూడా నేనే అన్నాను.

గుమ్మం దాకా వెళ్ళి వెనక్కొచ్చి, వాడకపోయి ఉంటే ఏమయ్యేదని అడిగాను. "మంట పెరిగి ఉంటుంది. ప్రాణం తీసింది అదేనని మాత్రం తేల్చి చెప్పలేనమ్మా" అంది.

ఇక నీ మూడో ప్రశ్న. అది పోయిన వారానికి మీ బావ, విప్పని మాత్రల అట్టలు తెచ్చి నా ముందు పెట్టాడు. "అత్తయ్యా, ఇవి మానెయ్యమన్నదెవరు? మందుల షాపులో కూర్చునే ఆ మహాతల్లేనా? దానికి తుమ్మొచ్చినా చెల్లెలేగా డాక్టరు!" అన్నాడు. నేను గోడ వంక చూసి "ఏమో నాయనా" అన్నాను. కాదని చెప్పలేదు. అప్పటి నుంచే అతను నీ ఫోన్ ఎత్తడం లేదు.

వాపు అన్న మాట చెవిన పడగానే స్టేషన్‌కి ఎందుకు పరుగెత్తానో ఇప్పుడు తెలుస్తోంది. ముందు అతన్ని దోషిని చేసేస్తే, మాత్రల సంగతి ఇక నన్నెవరూ అడగరు కదా.

స్టేషన్లో కాగితం చింపించేశాను. ఈ సంగతంతా మీ బావకి వేరే ఉత్తరంలో రాశాను. దాన్ని నిన్ననే పోస్టులో వేసి వచ్చి, నీది ఈ రోజు మొదలుపెట్టాను. మళ్ళీ మనసు మార్చుకుని గోడ వంక చూస్తానేమోనని, నా మీద నాకే అనుమానం.

ఇట్లు,
మీ ఇద్దరినీ కన్న అమ్మ