ఉంగరం లోపలి సిలువ

బాలరాట్, మంగళవారం

చెల్లీ నోరీన్,

ఫోన్‌లో చెబితే పక్క గదిలోంచి మీ బావ క్లైవ్ వింటారు. అందుకే ఇన్నాళ్లకు కలం పట్టాను.

మెరుగు పెట్టమని నువ్విచ్చిన అమ్మ ఉంగరాన్ని ఆయన లాండ్రీ గదిలోని తన చిన్న తిరుగుడు డబ్బాలో వేసి, సన్నటి స్టీలు గుండ్లూ సబ్బునీళ్లూ పోసి నాలుగు గంటలు తిప్పారు. తీసి చూస్తే అద్దంలా ఉంది. కానీ లోపల నాన్న మేకుతో చెక్కిన సిలువ లేదు. అడిగితే, "మెషీన్ అరగదీసిందే. మెరుపూ కావాలి, పాత గీతలూ ఉండాలంటే ఎలా?" అని నవ్వారు.

ఆ నవ్వు నాకు నచ్చలేదు. శనివారం ఆయన బంతులాట ఆడే బౌల్స్ క్లబ్బుకు వెళ్లాక, ప్రార్థన చేసుకుని, నా పెళ్లి ఉంగరం లోపల సూదితో సన్నగా సిలువ గీశాను. అదే డబ్బాలో, అవే గుండ్లతో, నాలుగు గంటలు తిప్పాను. సూదితో గీసిన నా సన్నటి సిలువే చెరగలేదు.

ఆయన డబ్బాలోంచి తీసి చూపించింది అమ్మ ఉంగరం కాదు, నోరీన్. అసలుది ఎక్కడుందో తెలిసేదాకా ఇంట్లో నోరెత్తను. ఆదివారం చర్చి అయ్యాక ఆయనే దీన్ని నీ చేతిలో పెడతారు. మెరుపు బాగుందని చెప్పి తీసుకో. ఈ ఉత్తరం మాత్రం దాచు, ఎవరికీ చూపించకు.

నీ అక్క