బోనాల మైకు

బాపూ,

నువ్వు లేకుండా వచ్చిన తొలి బోనాలివి. జహనుమాలో మన గుడి దగ్గర ఏటా నువ్వు పట్టుకునే మైకు ఈసారి నా చేతికిచ్చారు. ఏం చెప్పాలో రాసిమ్మని ఫోన్‌లో ఏఐని అడిగాను. "భక్తులందరూ క్రమశిక్షణతో వరుసలో నిలబడవలసిందిగా సవినయ మనవి" అని చదివితే ఒక్కరూ కదల్లేదు.

ఒళ్లు మండి ఫోన్ జేబులో పెట్టేశాను.

"ఓ అక్కలారా, అమ్మవారు యాడికి పోతది? ఈడనే ఉంటది! గా తోసుకునుడు ఏంది? బోనం జారితే లొల్లి మీకే!"

నవ్వుకుంటూ అందరూ లైన్లోకి వచ్చారు.

ఇంతలో ఎదురింటి దర్జీ భాయ్ గబగబా వచ్చాడు. "మీ బాపుది పాత రికార్డింగ్ పెట్టినవా?"

"కాదు భాయ్, నేనే."

"గట్లనా? అయితే ఇంకోసారి చెప్పు" అంటూ ఆయన స్పీకర్ కిందే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.